ముందు వరుస కుర్చీ

"మీ మీసాలతో నా కథ వద్దు మాస్టారూ!"

గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వేశారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. పెదవులను కప్పేసిన గుబురు మీసాల మీద చెయ్యి వేసుకుని ముఖం మాడ్చుకున్నారు. నాటకాల్లో తలపండిన మనిషి. రచయితల సంఘంలో ఎవరు వేదికెక్కి కథ వినిపించాలన్నా ముందు ఆయన దగ్గర సాన పట్టించుకోవాల్సిందే. అలాంటాయన "నీ కథ నేను చదివిపెడతానమ్మా, నా గొంతులో పండుతుంది" అని తనంతట తాను అడిగితే దక్కిన జవాబు అది.

ఆ మాట అన్నది మందుల షాపులో పనిచేసే రచయిత్రి. సంఘంలో ఆమెకు మొండిఘటం అని పేరు. ఎదురుగా పిలిచినా ఏమీ అనుకోదు.

"నా కథ నా నోటితోనే చెబుతాను. మా అక్క వస్తోంది," అంది.

ఆ అక్కను సంఘంలో ఎవరూ చూడలేదు కానీ, అక్క మాట రాని రోజు లేదు. తనకు అక్షరం ముక్క రాకపోయినా, మరమగ్గాల షెడ్డులో రెక్కలు ముక్కలు చేసుకుని చెల్లెల్ని చదివించింది. చెల్లెలి కథ అచ్చయిన ప్రతి పత్రికనూ తలగడ కింద దాచుకుంటుంది. ఆ కథల్లో ఏముందో మాత్రం ఆమెకు తెలియదు.

"సరే, అయితే నేను చెప్పినట్టు చదువు," అన్నారు మాస్టారు. "మైకు నోటికి దగ్గరగా ఉండాలి. లైట్లన్నీ తీసేసి ఒక్క టేబుల్ లైటు ఉంచుతాం. చీకట్లో గొంతుకు బలం ఎక్కువ. తల అటూ ఇటూ తిప్పుతూ సభనంతా చూడాలి."

"మైకు పక్కకే ఉంటుంది. లైట్లన్నీ వెలగాలి. నేను అటూ ఇటూ చూడను."

"ఎందుకట?"

"నా ఇష్టం."

"ఇష్టమా! సభలో నువ్వు తడబడ్డావంటే కాగితాలు లాక్కుని నేనే చదివేస్తాను. ఆ తర్వాత మళ్ళీ ఈ వేదిక ఎక్కనివ్వను!"

"ఎక్కనివ్వకండి. ఈ ఒక్కసారి చాలు."

అలాగని ఆమెకు నేర్చుకోవాలని లేక కాదు. ఊపిరి కడుపులోంచి తీయడం, నవ్వించే మాటకు ముందు ఒక్క క్షణం ఆగడం తోటి కవయిత్రి దగ్గర బుద్ధిగా నేర్చుకుంది. షాపులో దగ్గు మందు ఇస్తూ కూడా ఆగి ఆగి మాట్లాడుతుంటే వచ్చినవాళ్ళు బిత్తరపోయేవారు.

"ఆగడం కుదిరింది వదినా," అంది కవయిత్రి. "ఆ నోరే... పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టు అంతలా తెరుస్తావేం?"

"ఉండనీలే."

సభ రోజున మొండిఘటం ముదురు ఎరుపు లిప్‌స్టిక్ వేసుకుని వచ్చింది. ఎన్నడూ బొట్టు తప్ప మరో అలంకారం ఎరగని మనిషి.

"ఏంటి వదినా, సినిమా ఛాన్సు కోసమా?" అని కవయిత్రి మోచేత్తో పొడిచింది. మొండిఘటం నవ్వేసింది. ముందు వరుస మధ్య కుర్చీలో తన హ్యాండ్‌బ్యాగు పెట్టి, ముఖ్య అతిథి వచ్చినా తియ్యలేదు. "అది మా అక్కది!"

అక్క వచ్చింది. గుమ్మం దగ్గర ఎవరెవరో పలకరించినా పట్టించుకోకుండా నేరుగా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. చెల్లెలికి తగ్గ అక్కే అనుకున్నారు పక్క కుర్చీలో ఉన్న మాస్టారు.

కథ మొదలైంది. మొండిఘటం కాగితాల్లోకి తల వంచేసింది.

"తల ఎత్తవే!" అని హాలు దద్దరిల్లేలా అరిచింది అక్క.

జనం గొల్లుమన్నారు. మొండిఘటం కాగితాలు బల్ల మీద పడేసి తల ఎత్తింది. ఇక కథంతా నోటికే చెప్పుకుపోయింది. కథలో చెల్లెలి పరీక్షకు తోడు వెళ్ళడానికి సెలవివ్వనన్న మేనేజరు కుర్చీలో ఒక అక్క బైఠాయిస్తుంది. లే, లే అని మేనేజరు గంతులు వేస్తుంటాడు. సరిగ్గా అక్కడ మైకు కీచుమని మూగబోయింది.

"వినబడటం లేదు!" అని వెనక నుంచి కేకలు మొదలయ్యాయి. ఈలలు కూడా. మాస్టారు లేచి మెట్లెక్కారు.

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. అయినా దిగలేదు. ఆగమన్నట్టు మాస్టారికి అరచెయ్యి చూపించి, కవయిత్రి నేర్పినట్టు ఒక్క క్షణం ఆగి, నవ్వించే మాట అనేసింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

అక్క తొడ చరుచుకుంటూ విరగబడి నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా వెనక్కి తిరిగి, "అది నేనే! ఆ కుర్చీలో కూర్చున్నది నేనే!" అని సభంతటికీ చాటింది.

ఈలలు ఆగిపోయాయి. మొండిఘటానికి గొంతు తిరిగొచ్చింది. మైకు స్టాండును పక్కకు నెట్టి, అదే మాట మళ్ళీ అంది, ఈసారి హాలంతటికీ.

"కూర్చుంటే ఇంత హాయిగా ఉంటుందా సార్? అందుకేనా మీరెప్పుడూ లేవరు!"

హాలంతా నవ్వులతో ఊగిపోయింది. మాస్టారు మెట్ల మీదే నిలబడి, ఓటమి ఒప్పుకున్నట్టు చప్పట్లు కొట్టారు. తర్వాత దిగి వచ్చి కవయిత్రి చెవిలో గొణిగారు.

"మొదటిసారి అన్నది మెట్ల మీద పక్కనే ఉన్న నాకే వినబడలేదు. ఆవిడకెలా వినబడిందమ్మా?"

మరమగ్గాల మోతకు అక్క చెవులు పోయి చాలా ఏళ్ళయింది.