గుమస్తాగారి మోకాలు

"నా మోకాలు ఎక్కడ పెట్టావే?" గదిలోంచి కేకేశాడు గుమస్తా.

మోకాలంటే మొన్న తీయించిన ఎక్స్‌రే. బాల్కనీలో ఉన్న టైలరమ్మ గుండె ఝల్లుమంది.

ఆవిడ ముందు పీట మీద మొగుడి నల్ల చొక్కా పరిచి ఉంది. బ్లీచింగ్ మందు వెనకవైపుకి దిగకుండా చొక్కా లోపల అట్ట, చొక్కా మీద ఆవిడ చేత్తో కత్తిరించిన అచ్చు. అచ్చు మధ్యలో చేప ఆకారంలో ఖాళీ. ఆ ఖాళీలో బ్లీచింగ్ నీళ్ళ స్పాంజి అద్దుతుంటే నల్లరంగు విరిగి, ఇటుకరంగు చేప ఒకటి తోకతో సహా తేలుతోంది. రేపు ఆయన పుట్టినరోజు. సెలవు దొరికితే చాలు, గాలం పట్టుకుని కాలవ గట్టుకి పరిగెత్తే మనిషి. చేప బొమ్మ చొక్కా చూస్తే మురిసిపోతాడని ఆవిడ ఆశ.

అట్టతో అచ్చు చేస్తే తడిసి మెత్తబడుతుందని, బీరువా మీదున్న రెండు కవర్లలో ఒకటి తీసి, అందులోని ఫిల్ము కత్తిరించింది. అత్తగారి భుజం తాలూకు పాత ఎక్స్‌రే అనుకుంది. ఇప్పుడు వెలుతురుకెత్తి చూస్తే ఏముంది! మూలన మొన్నటి తారీఖు. చేప నోరు తొడ ఎముక దగ్గర, తోక కాలి ఎముక దగ్గర. మధ్యలో ఉండాల్సిన మోకాటిచిప్ప మొత్తం చెత్తబుట్టలో.

"ఏమే, నిన్నే! పదింటికి డాక్టరు. నాది నాలుగో టోకెను!"

"వస్తున్నానండీ! మీరిటు రాకండి, నేల జారుతోంది. అసలే మోకాలు!"

చొక్కా బకెట్లో ముంచేసింది. ఫిల్ముని గుడ్డపీలికతో గబగబా తుడిచి, కవర్లోకి తోసి, ఏమీ ఎరగనట్టు గదిలోకి వెళ్ళింది.

"ఇవాళే వెళ్ళాలా? రేపు ఇద్దరం కలిసి వెళ్దామండీ."

"బాగుంది! ఆదివారం ఇల్లు మారుతున్నాం. మూడంతస్తుల కిందికి సామాను దింపాలి. ఈ మోకాలు దానికి పనికొస్తుందో లేదో తేల్చుకోవద్దూ? ఒంటి విషయంలో అశ్రద్ధ పనికిరాదు."

"పోనీ, నేనూ రానా?"

"నీకెందుకు శ్రమ? కుట్టాల్సినవి గుట్టలా పడున్నాయిగా."

ఎప్పుడూ లేనిది తన శ్రమ గురించి తలుచుకునేసరికి ఆవిడకి కళ్ళు చెమర్చాయి. ఆయన కవరు చంకలో పెట్టుకుని, రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకీ "అబ్బా, అమ్మా" అనుకుంటూ దిగి వెళ్ళాడు.

ఆ రోజంతా టైలరమ్మకి మనసు మనసులో లేదు. డాక్టరు కవరు తెరుస్తాడు. మోకాట్లో చేప కనబడుతుంది. నర్సు నవ్వుతుంది, నలుగురిలో ఆయనకి తల కొట్టేసినట్టవుతుంది. పాపం, నొప్పితో ఉన్న మనిషి! సరదాకి పోయి ఎంత పని చేశాను అని తనని తనే తిట్టుకుంది. ఆ కంగారులో ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టి, మళ్ళీ విప్పుకుంది. చేప చొక్కాని నాలుగు నీళ్ళల్లో జాడించి ఆరేసింది. బొమ్మ అద్భుతంగా వచ్చింది కానీ, దాన్ని చూడబుద్ధి కాలేదు.

ఆయన రాగానే అంతా ఒప్పేసుకోవాలని గట్టిగా నిర్ణయించుకుంది.

సాయంత్రం కుంటుకుంటూ వచ్చాడు గుమస్తా. కుర్చీలో కూలబడి, కవరు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏవండీ, ఆ ఎక్స్‌రే సంగతి..."

"ముందు నన్ను చెప్పనీ," అని చెయ్యెత్తాడు. "డాక్టరు దాన్ని లైటు ముందు పెట్టి పది నిమిషాలు చూశాడు."

"చూసి?"

"ఇంత స్పష్టమైన ఎక్స్‌రే ఈమధ్య చూడలేదన్నాడు."

టైలరమ్మ ఆయన ఒళ్ళో ఉన్న కవరు వైపు చూసింది.

"గుజ్జు అరిగిపోయిందట. నెలరోజులపాటు బరువన్నది ముట్టుకోవద్దన్నాడు. ఆదివారం సామాను సంగతి నువ్వే చూసుకోవాలి మరి. నాకు మాత్రం బాధగా లేదా చెప్పు?"

"ఇంకేమన్నాడు?"

"నువ్వు నమ్మవు గానీ, రోజూ సాయంత్రం ఏ నీళ్ళ పక్కనో ప్రశాంతంగా కూర్చోమన్నాడు. నరాలకి మంచిదట."

ఆవిడ గుమ్మం దగ్గర ఆయన విప్పిన చెప్పుల వైపు చూసింది. అంచుల చుట్టూ తడి ఆరని బురద. పొద్దుటినుంచి తనని తినేస్తున్న భయం కాస్తా దిగిపోయింది. దాని చోట్లోకి కోపం అరికాళ్ళ నుంచి పైకెక్కడం మొదలెట్టింది. కానీ గొంతులో మాత్రం తేనె ఒలికించింది.

"అయ్యో పాపం! ఏదీ, ఆ అరిగిన చోటేదో నాకూ చూపించండి."

"నీకేం అర్థమవుతుందే!" అంటూనే ఆయన హుషారుగా కవర్లోంచి ఫిల్ము లాగాడు. పాఠం చెప్పే మాస్టారులా పెళ్ళాం మొహం వైపే చూస్తూ దాన్ని ఇద్దరి మధ్యా ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదిగో, జాగ్రత్తగా చూడు. డాక్టరు సరిగ్గా ఇక్కడే వేలు పెట్టి చూపించాడు," అని తనూ వేలు పెట్టాడు.

వేలు చేప పొట్టలోంచి దూరి ఇవతలికొచ్చి, టైలరమ్మ ముక్కుకి తగిలింది.