దొంగ పడని ఇల్లు

గాదిలింగప్ప ఇంట్లో ఒక్కసారి కూడా దొంగ పడలేదు. ఊరంతా కలిసి అతనికి చేసిన అన్యాయం అది.

ఆ ఏడాది ఊళ్ళో దొంగ పడని ఇల్లు ఇంకొకటి లేదు. మారెక్క ఇంట్లో రొట్టెల పెనం పోయింది. కెంచమ్మ ఇంట్లో జల్లెడ పోయింది. సుబ్బరామి ఇంట్లో పెట్టె నిండా వెండి ఉంటే దాన్ని ముట్టుకోలేదు, పెట్టె మీది చాట పోయింది. తర్వాత రోకలి, ఉప్పు జాడీ, పప్పుగుత్తి. ఎక్కడా తాళం పగలలేదు. కుక్క మొరగలేదు.

గాదిలింగప్ప ఇంట్లో మాత్రం చీపురుపుల్ల కూడా కదల్లేదు.

పెళ్ళాం ఉచ్చంగెమ్మ పోయిన మూడేళ్ళ నుంచి ఒంటరిగా ఉడకేసుకుంటున్న మనిషి. తుంగభద్ర డ్యామ్ పనికి ఇద్దరూ పోయారు. ఒక్కడే తిరిగి వచ్చి దినాలు చేశాడు. ఊరంతా వచ్చి తిని, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి పోయింది. అది అతను మరిచిపోలేదు.

"నీ ఇంట్లో ఏముండాదని వస్తాడప్పా దొంగ? వచ్చినా నీ మొగం జూసి యెనిక్కి పోతాడు" అంది మారెక్క, పక్కింటి అరుగు మీద నుంచి.

"నీ పెనం పోయి ఊరికి మేలే అయింది. మాడు వాసన తప్పింది" అన్నాడు గాదిలింగప్ప.

అప్పుడే మైసూరు వైపు నుంచి కొత్త ఎస్సై వచ్చాడు. పోలీసు పనిలో కొత్త పద్ధతులు చదువుకున్నవాడు. దొంగను పట్టుకోవడం పాత పద్ధతట. దొంగతనమే జరగకుండా చేయడం కొత్త పద్ధతట. ఇంటికొక ఈల పంచాడు. దొంగ కనపడితే ఊదాలి. పిల్లలు పొద్దున్నుంచి మాపటిదాకా ఊదారు. మూడోనాడు ఎస్సైయే బతిమాలి ఈలలు వెనక్కి తీసుకున్నాడు. ఒక ఈల తక్కువ వచ్చింది. దాన్ని కూడా దొంగతనం కిందే రాసుకున్నాడు.

తర్వాత సుద్దముక్క పట్టుకుని బయల్దేరాడు. దొంగ పడిన ప్రతి ఇంటి తలుపు మీదా ఒక గుర్తు వేశాడు. ఆఖరి గుర్తు భీమప్ప తలుపు మీద పడింది. వాళ్ళింట్లో ఊయల పోయింది. బిడ్డను నిద్ర లేపకుండా చాప మీదికి మార్చి, దుప్పటి కప్పి మరీ ఎత్తుకుపోయారు.

ఇక గుర్తు లేని తలుపు ఒక్కటే.

"నోడప్పా గాదిలింగప్పా" అన్నాడు ఎస్సై, సగం కన్నడంలో. "దొంగకు ఊళ్ళో వంటిళ్ళన్నీ తెలుసు. కుక్కలకు దొంగ తెలుసు. అంటే ఈ ఊరి మనిషే. అందరిళ్ళకూ పోయినవాడు తన ఇంటికి తాను పోడు కదా. హౌదా, ఇల్లా? అవునా, కాదా?"

"పెనం నేనేం చేసుకుందును సామీ? నాకు సంగటి తప్ప రొట్టె చేసేది రాదు."

"అదంతా కోర్టులో చెప్పుకో. ఆదివారం దాకా గడువిస్తా. ఈ లోపల నీ ఇంట్లో దొంగతనం జరిగితే నీ తలుపుకూ గుర్తు వేస్తా. జరక్కపోతే జైలు."

దొంగ కోసం అంతగా ఎదురుచూసిన మనిషి ఆ జిల్లాలో ఇంకొకడు ఉండడు. గాదిలింగప్ప తలుపులు బార్లా తెరిచాడు. ఇత్తడి బిందె, చెంబు, గంటె తెచ్చి అరుగు మీద పెట్టాడు. మూడేళ్ళుగా ఉచ్చంగెమ్మ చేతి చింతపండు తగలక మూడూ మసిబారి ఉన్నాయి. దొంగ తడుముకోకుండా పక్కన దీపం కూడా పెట్టి, తాను పోయి కళ్ళంలో పడుకున్నాడు.

తెల్లవారి వచ్చి చూస్తే ఏదీ పోలేదు.

మూడూ తోమి ఉన్నాయి. ఎండకు తళతళ మెరుస్తున్నాయి. బిందె బోర్లించి, దాని మీద చెంబు బోర్లించి, చెంబు మీద గంటె అడ్డంగా పెట్టి ఉంది.

మారెక్క నోరు నొక్కుకుంది. "ఏందప్పా ఇది! అంట్లు తోమేదానికి ఎవరో వస్తాండారే. మాకు చెప్పకుండా మళ్ళా పెండ్లి చేసుకుంటివా ఏంది?"

ఎస్సై సంతోషం పట్టలేకపోయాడు. "దొంగ ఊరివాళ్ళ సామానైతే ఎత్తుకుపోతాడు. సొంత సామానైతే తోముకుంటాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం బేకు?"

గాదిలింగప్ప వాళ్ళ మాటలు వినడం లేదు. ఆ గంటె దగ్గరికి పోయి వంగాడు. దాన్ని చేతిలోకి తీసుకుని, మళ్ళీ అట్లాగే అడ్డంగా పెట్టాడు. తర్వాత ఎస్సై ముందుకు వచ్చి రెండు చేతులూ చాచాడు.

"అన్నీ నేనే ఎత్తుకుపోతి. రాసుకో."

"ఊయల నీకెందుకప్పా?" అన్నాడు భీమప్ప.

"ఊగేదానికి."

"సామాన్లన్నీ యాడ పెడితివి?"

"ఏట్లో పారేస్తి."

ఏడాది జైలు వేశారు. ఆ తర్వాత ఊళ్ళో పుల్ల కూడా పోలేదు. కొత్త పద్ధతి ఫలించిందని ఎస్సైకి పతకం ఇచ్చి పెద్ద ఊరికి బదిలీ చేశారు. పోయేముందు అతను గాదిలింగప్ప తలుపు మీద కూడా ఒక గుర్తు వేసి పోయాడు, లెక్క నిండుగా ఉండాలని.

గాదిలింగప్ప తిరిగి వచ్చినప్పుడు, క్షమించినట్టు మొహాలు పెట్టింది ఊరు. అతను మాత్రం ఎవరినీ క్షమించలేదు.

"ఇప్పుడన్నా చెప్పప్పా, మా పెనం ఏం చేస్తివి?" అని మారెక్క అడిగితే మొహం మీదే తలుపు వేసుకున్నాడు.

ఉచ్చంగెమ్మ డ్యామ్ మేస్త్రీతో లేచిపోతే, వాంతిబేదితో చచ్చిందని చెప్పి తాను ఊరందరికీ దినాల అన్నం పెట్టానని, ఆ ఉచ్చంగెమ్మే కొత్త కాపురానికి పెనం మొదలు ఊయల దాకా అన్నీ రాత్రిళ్ళు వచ్చి ఏరుకుపోయిందని గాదిలింగప్ప ఈ జన్మలో ఎవరికీ చెప్పడు.