నీళ్ళకి పోని మార్కరు

ఇన్వర్టర్లు బాగుచేసే బాబ్జాన్ రాగి పలకను యాసిడ్ గిన్నెలోంచి పైకి తీశాడు. మార్కరుతో గీసిన గీతలు ఈసారీ కరిగిపోయాయి. వాటి కింద నిలవాల్సిన రాగినీ యాసిడ్ తినేసింది. ఇక సర్క్యూట్ లేదు, అలారమూ లేదు.

బయట వాన ఆగలేదు. బుడమేరు మళ్ళీ నిండుతోందని వీధిలో ఆటో మైకు చెప్పుకుంటూ పోతోంది.

"అన్నిటి మీదా పర్మనెంట్ అనే రాసుంటది. ఒక్కటీ ఆగట్లేదు," అంటూ కొన్న మార్కర్లన్నీ మూలకి విసిరాడు. "నీళ్ళు గడప దాటగానే మోగాలి ఖుర్షీదా. ఎంత నిద్రలో ఉన్నా లేపాలి."

భార్య బీరువాలోంచి పాత నల్ల మార్కరు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఇది పోదండీ."

"నీకెట్లా తెలుసు?"

ఆమె తలుపు పక్క గోడవైపు చూసింది. ఆ ఒక్క గోడకీ ఆమె సున్నం వేయనివ్వలేదు. ప్రతి రంజాన్‌కీ కొత్త బట్టల్లో నిలబెట్టి, ఆ మార్కరుతోనే గీసిన పాప ఎత్తు గీతలు అక్కడ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అన్నిటికన్నా పైగీతకి జానెడు పైన, పోయిన వరద బురద మరక ఉంది.

ఆ తర్వాత గీసే పని పడలేదు.