పొట్టి గుమ్మం

మా ఇస్ఫహాన్ వ్యాయామశాల గుమ్మం పొట్టిది. ఎంత మొనగాడైనా నడుం వంచే లోపలికి రావాలి. పెద్ద వస్తాదు అడుగుపెడితే డప్పు వాయించే ఫర్రూఖ్ గౌరవంగా గంట కొడతాడు. నా తల నెరిసింది గాని నాకు ఒక్కసారీ కొట్టలేదు.

"వస్తాదుకి ఆ బొజ్జేమిటి హాజీ? అది తగ్గితే కొడతా. ముందు ఆ గొర్రె తలకాయ పులుసు మానెయ్," అన్నాడు.

"పథ్యం రోగులకురా! కండ పెరిగితే కొవ్వుని అదే తినేస్తుంది."

"అది తినేదానికన్నా నువ్వు పోసేదే ఎక్కువ!"

నాకు రోషమొచ్చింది. చలికాలమంతా బరువైన కర్ర గదలు తిప్పాను. ఆ ఆకలికి పులుసు ఇంకో గిన్నె పెరిగింది. భుజాలు దున్నపోతు భుజాలయ్యాయి. బొజ్జ మాత్రం ఉన్నచోటే ఉంది.

నౌరోజ్ కొత్త సంవత్సరం పండగ పొద్దున అందరూ చూస్తుండగా గుమ్మంలో వంగాను. భుజాలు రెండు పక్కలా పట్టేశాయి. ఇంకా వంగుదామంటే బొజ్జ అడ్డం. ముందుకూ పోలేను, వెనక్కీ రాలేను.

అప్పుడు లేచాడు ఫర్రూఖ్. గణగణమని ఆపకుండా గంట కొట్టాడు.

నన్ను లాగడానికి బజారు జనాన్ని పిలిచాడని ఎవరైనా చెబితే చెప్పనివ్వండి. ఈ ఊళ్లో ఏ వస్తాదుకీ అంతసేపు గంట మోగలేదు.