మిగిలిన గుండీ

"ఈసారి కూడా నెగ్గుతానంటావా?" అద్దం ముందు చొక్కా వేసుకుంటూ అడిగాడు పెద్దమేస్త్రీ.

"మీకేంటండీ, ఢోకా లేదు," అంది భార్య, ఆయన మొహంకేసి చూడకుండా.

"ఒకవేళ ఓడిపోతే మీ అక్కకేం చెప్తావే?"

గెలుపు మీద ఈ మనిషికి ఎంత ఆశో! ఆమె మనసు చివుక్కుమంది.

ఇద్దరూ పనిచేసేది ఒకే చొక్కాల షెడ్డులో. ఆమె కాజాలు కుడుతుంది. పాత యజమాని చేతులెత్తేసి పోతే, పనివాళ్లు పదిహేడుమందీ కలిసి షెడ్డుని నిలబెట్టుకున్నారు. ఇప్పుడక్కడ అందరూ యజమానులే, జీతం అందరికీ ఒక్కటే. పెద్దమేస్త్రీగా ఎవరుండాలో ఏటా వాళ్లే తేల్చుకుంటారు. మూడేళ్లుగా ఈయనే. మొదటిసారి నెగ్గినరోజు ఆమె వీధంతా చాటింది. అక్కకి ఫోన్ చేసి, "షెడ్డులో మా ఆయన మాటంటే మాటే!" అని మురిసిపోయింది.

ఆ మురిపెం ఎన్నాళ్లు? పాత యజమాని ముందు నోరెత్తని వాళ్లంతా ఇప్పుడు ఇంటికొచ్చి మరీ నోరు చేసుకుంటున్నారు. ఒకరికి కిటికీ పక్క మిషను కావాలి. ఇంకొకరికి పక్కవాడి రేడియో పడదు. మొన్నామధ్య ఆర్డర్లు తగ్గి, ఇద్దర్ని తీసేద్దామన్న మాట వచ్చింది. "అందరం రోజుకో గంట తగ్గించుకుందాం, ఎవరినీ రోడ్డున పడేయొద్దు," అని ఈయన ఒక్కో గుమ్మం ఎక్కి అందర్నీ ఒప్పించాడు. ఆ ఇద్దరి పొయ్యీ ఆరలేదు. ఈయనకి మాత్రం అప్పట్నుంచి తిండి సరిగ్గా సహించడం లేదు. నిద్రలో కూడా "ఒక్కొక్కరే చెప్పండి, వింటాను," అంటాడు. నవ్వాలో ఏడవాలో ఆమెకి తెలిసేది కాదు.

షెడ్డులో ఓటంటే గుండీయే. ఒక్కొక్కరికీ ఒక తెల్లది, ఒక నల్లది ఇస్తారు. తెల్లదంటే ఆయనే ఉండాలి, నల్లదంటే వద్దు. ఒకటి డబ్బాలో వేసి, మిగిలినది ఎవరి కంటా పడకుండా జేబులోనో కొంగులోనో దాచుకుని ఇంటికి పోవాలి. మర్నాడు వాటిని గుండీల పెట్టెలో కలిపేస్తారు.

డబ్బా దగ్గర ఆమె వంతు వచ్చింది. దేవుడా, కట్టుకున్నవాడికే వెన్నుపోటు! అయినా కళ్లు మూసుకుని నల్లది వేసేసింది.

చొక్కాలు ఇస్త్రీ చేసే ఆవిడని షెడ్డులో అందరూ ఇస్త్రీ అక్క అంటారు. ఆవిడే గుండీలు బల్ల మీద పోసి, అందరూ చూస్తుండగా లెక్కపెట్టింది. తెల్లవి ఎనిమిది. నల్లవి తొమ్మిది. తర్వాత ముందే అనుకున్న ప్రకారం మేస్త్రీ పని ఇస్త్రీ అక్కకి అప్పజెప్పారు.

సాయంత్రం ఇంట్లో భోజనానికి కూర్చున్నారు.

"ఒక్క గుండీతో పడగొట్టారే! ఎవరో నమ్మినవాళ్లే అయ్యుంటారు," అంటూ ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు.

దుఃఖం దిగమింగలేక తింటున్నాడు పాపం, అనుకుంది ఆమె. తన కంచం అలాగే ఉంది.

ఇంతలో ఎవరో తలుపు తట్టారు. "మేస్త్రీ, నా కిటికీ సంగతి..."

"ఇస్త్రీ అక్కనడుగు నాయనా!" ఆయన ధడాలున తలుపేసి వచ్చాడు.

ఎప్పుడూ ఎవరి మొహాన తలుపు వేయని మనిషి. ఎంత నొచ్చుకున్నాడో ఏమో! ఇక ఆమె వల్ల కాలేదు.

"ఏవండీ, మీకో మాట చెప్పాలి. ముందు తినడం కానివ్వండి, తర్వాత ఎన్ని తిట్లు తిట్టినా పడతాను."

"ఏంటే?"

ఆమె కొంగు ముడి విప్పి తెల్ల గుండీ తీసి బల్ల మీద పెట్టింది.

"నా దగ్గర మిగిలింది ఇదండీ. ఆ నమ్మినవాళ్లు ఎవరో కాదు, నేనే. మీరిలా అరిగిపోతుంటే చూడలేకపోయాను." ఆమెకి ఏడుపు ఆగలేదు.

ఆయన ఆ గుండీని చేతిలోకి తీసుకున్నాడు.

"మొదటిసారి నెగ్గినప్పుడు నువ్వెంత మురిసిపోయావే! వీధంతా చాటావు కదా," అన్నాడు మెల్లగా.

"అందుకే కదండీ నా బాధ. తిట్టండి, ఊరికే కూర్చోకండి."

ఆయన తిట్టలేదు. లేచి, కొయ్యకి తగిలించిన చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

అందులో మిగిలిందీ తెల్లదే.