ఒక్క పువ్వూ వదలకుండా

"ఈ తీగలు నీకు దక్కనిస్తే నా పేరు మార్చుకుంటా" అని చెల్లెలు నలుగురి ముందూ అనేసింది. అందుకే వెనిలా షెడ్డులో పూత మొదలైన రోజు నుంచీ అన్నయ్య కుర్చీ తెచ్చుకుని ఆమె వెనకాలే తిష్ఠ వేశాడు.

ఆమె కోపం ఊరికే రాలేదు. తీగ ముక్కలు నాటి, నీడకు పందిరి కట్టి, మూడేళ్లు పసిపిల్లల్లా సాకింది ఆమే. అన్నయ్య అటువైపు తొంగి చూసిన పాపాన పోలేదు. తీరా మొగ్గ కనిపించేసరికి, షెడ్డు నాన్న తనకే ఇచ్చాడంటూ తాళం మార్చేశాడు.

"నీళ్లు పోసినదానివి, కూలి తీసుకో" అన్నాడు పైగా. ఆమెకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది.

అయినా ఆమె లేకపోతే అతనికి గడవదు. వెనిలా పువ్వులో ఆడభాగానికీ మగభాగానికీ మధ్య సన్నటి పొర అడ్డం. దాన్ని దాటించే తేనెటీగలు ఎక్కడో దూరపు అడవుల్లో ఉన్నాయట. ఇక్కడ మనిషే పుల్లతో ఆ పొర ఎత్తి, పుప్పొడి అంటించాలి. పొద్దున విచ్చిన పువ్వు మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది. అన్నయ్య తనే చేసి చూశాడు. ఆ మొరటు వేళ్లకు పువ్వులు చిరిగి చేతికొచ్చాయి.

"ఒక్కటి వదిలావో, ఊరుకోను."

"ఒక్కటీ వదలను అన్నయ్యా."

"అదిగో, ఆ పైది?"

"నిచ్చెన పట్టుకో మరి."

పట్టుకున్నాడు. ఆమె నిజంగానే ఒక్కటీ వదల్లేదు. పూత ఉన్నన్నాళ్లూ మెడ పట్టేసినా, కళ్లు లాగినా పుల్ల కింద పెట్టలేదు.

పూత అయిపోయేసరికి ఎటు చూసినా గుత్తులే. కాయల మధ్య ఆకులు వెతుక్కోవాలి. అన్నయ్య మీసం మెలేస్తూ వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

"నోరు పెద్దదే గానీ, మా ఆడపడుచు మనసు వెన్న" అంది వదిన.

కూలి చేతిలో పెడుతూ అన్నయ్య నవ్వాడు. "ఏమే, ఇంతకీ పేరు ఎప్పుడు మార్చుకుంటున్నావు?"

"కోపంలో ఏదో అన్నానులే" అంది చెల్లెలు. పోతూ పోతూ తలుపు పక్క తీగను నిమిరింది. కళ్లు తుడుచుకుంది. పశ్చాత్తాపం కాబోలు అనుకున్నాడు అన్నయ్య.

గుత్తికి ఏడెనిమిది పువ్వులకు మించి పుప్పొడి అంటించకూడదనీ, పూసిన ప్రతి పువ్వునూ కాయ చేస్తే ఆ కాయలు ముదిరేలోపే తీగ సారమంతా పోయి చస్తుందనీ ఆమె అతనికి చెప్పలేదు.