పలికే పళ్ళేలు

ఇప్పుడు హోటళ్ళలో పళ్ళేలు మాట్లాడతాయి, వడ్డించినదాని జాతకమంతా విప్పుతాయి. విజయనగరంలో సన్యాసిరాజు హోటల్లో మాత్రం పలుకు పళ్ళేలది, నమలడం పళ్ళది. "చట్నీ వయసు మూడు రోజులు. పైన బూజు, అడుగున బొద్దింక కాలు" అని పళ్ళెం పచ్చడి గురించి పచ్చి నిజం చెప్పినా, "ఆటికి చాదస్తం బాబూ, మీరు తినీయండి" అనేవాడు సన్యాసిరాజు. మిగిలిన చట్నీ మీద కొత్తది పోసి కలిపెయ్యడం అతని అలవాటు. ఊళ్ళో నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే జనం నీళ్ళనే తిట్టుకునేవారు.

ఆ ఉదయం అయిదో నెల కడుపుతో ఉన్న కూతురు రమణి చెప్పాపెట్టకుండా వచ్చి ఒక బల్ల దగ్గర కూర్చుంది. సర్వరు ఇడ్లీ పెట్టి చట్నీ పోశాడు. పుల్లకంపు గుప్పుమంది.

"చట్నీ వయసు నాలుగు రోజులు. ఇందులో ఎలుక పెంటిక..." అని పళ్ళెం మొదలుపెట్టింది.

"నోర్మూసుకోయే! నీకు చాదస్తమని మా నాన్న ఎప్పుడో చెప్పాడు" అంటూ రమణి ఇడ్లీముక్క ముంచి నోటిదాకా తెచ్చింది.

సన్యాసిరాజు గల్లాపెట్టె వదిలేశాడు. ఒక్క ఉరుకున వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తినకమ్మా! అది చెప్పింది నిజమే!"

హోటలంతా నమలడం ఆగిపోయింది. అతని వైపు తిరిగిన ఇరవై నోళ్ళూ తెరుచుకునే ఉన్నాయి. అన్నింటిలోనూ చట్నీ కనిపిస్తోంది.